చదవకుండా వై నొక్కకండి

సోమవారం పొద్దున్న, టీ వచ్చే వేళకి, నలభై మంది అమ్మాయిల చెవుల్లో అమెరికా డాక్టర్లు ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు.

"ప్రసన్నగారూ, నా డాక్టరు ఆగిపోయాడండి," అంది దానమ్మ హెడ్‌ఫోన్ తీసి. "గుండెకి స్టెంట్ వెయ్యబోతూ మధ్యలో వదిలేశాడు."

"మావాడు మత్తు ఇచ్చి ఊరుకున్నాడు," అంది పక్క అమ్మాయి.

వట్లూరులో కాలేజీ బస్సులు తిరిగే మలుపు దగ్గర, మేడ మీద ఉంది ఆ ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగుల వివరాలు మాట్లాడి రికార్డు చేసి పంపుతారు. పెదపాడు నుంచీ, ఏలూరు నుంచీ వచ్చే అమ్మాయిలు అవి విని, టైపు చేసి తిరిగి పంపుతారు. గొంతులు ఆగిపోతే పని ఆగిపోయినట్టే. ఆ గొంతులన్నీ దాచుకున్న సర్వర్‌కి ఇన్‌ఛార్జి ప్రసన్నకుమారి.

ఆమె సర్వర్ రూములోకి పరుగెత్తింది. తన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నాడు. వానకి చొక్కా భుజాలు తడిసి ఉన్నాయి. నోట్లో పెన్ను మూత. కుడికాలు అదే పనిగా ఊగుతోంది. దాంతోపాటు టేబులూ, టేబుల్ మీద మానిటరూ ఊగుతున్నాయి.

"ఎవరండీ మీరు?"

"ఫణికిరణ్ అండి. కనకరాజుగారు పంపేరు. సెక్యూరిటీ టూల్స్ ఇన్‌స్టాల్ చెయ్యమని."

"ఏం నొక్కేరు?"

"ఏం లేదండి. యమ్ ఇన్‌స్టాల్ అని కొట్టేను. ఇంకేవో ప్యాకేజీలు కూడా మార్చాలి, మార్చమంటావా అని అడిగింది. అవునని వై నొక్కేను."

"ఏవేవి మార్చాలందో చదివేరా?"

"అవన్నీ ఎవరు చదువుతారండి?" అన్నాడతను అమాయకంగా.

ప్రసన్న అతన్ని లేపి, కుర్చీలో కూర్చుని, నల్లటి స్క్రీన్ మీద లైన్లు పైకి జరిపి చూసింది. ఆ యమ్ అనేది చెప్పిన పని చేసే మనిషిలాంటిదే. ఒక సామాను తెమ్మంటే, దానికి కావలసినవన్నీ కూడా తెచ్చి పెడుతుంది. కొత్తది పట్టకపోతే పాతది తీసి బయట పారేస్తుంది. కాకపోతే పారేసే ముందు ఒకమాట అడుగుతుంది.

"ఇదిగో. మా ఆడియో ప్రోగ్రాముకి కావల్సిన పాత లైబ్రరీ ఫైలు తీసేసింది. అడిగే తీసింది. మీరు సరేనన్నారు."

గుమ్మంలో నిలబడ్డ దానమ్మకి ఇంతా విని ఒక్క ముక్కే అర్థమైంది. "యముణ్ణి తెచ్చి పెట్టేరా సార్? అందుకే డాక్టర్లు పారిపోయారు."

అతను ఫక్కున నవ్వాడు. ప్రసన్న నవ్వలేదు. అతను నవ్వు మింగేసి, "మీ పేరండీ?" అన్నాడు.

"ప్రసన్న."

ఆమె ముఖం వంక చూసి ఏదో అనబోయి ఆగాడు.

"ఏంటి?"

"ఏం లేదండి. పేరు పెట్టినవాళ్ళు మిమ్మల్ని సోమవారం పూట చూసి ఉండరు."

ఆ పాత లైబ్రరీని వెతికి తెచ్చి మళ్ళీ కూర్చోబెట్టేసరికి భోజనాల వేళ అయింది. డాక్టర్లు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ప్రసన్న మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా అతనికి ఇవ్వాల్సిన జవాబు వెతుక్కుంటూనే ఉంది. పెదపాడు బస్సెక్కాక దొరికింది. అప్పుడు చెప్పడానికి అతను లేడు.

*

ఆఫీసు యజమాని కనకరాజుగారికి ఒకప్పుడు కొల్లేట్లో చేపల చెరువులుండేవి. సర్కారువాళ్ళు సరస్సులో గట్లు తెగ్గొట్టించాక ఆయన నీళ్ళమీద ఆశ వదులుకుని కంప్యూటర్ల మీద పడ్డారు. మనిషి మారలేదు. సర్వర్ నెమ్మదిస్తే "ఏవండీ, దానికేదైనా తెగులా?" అని అడుగుతారు.

ఇప్పుడు ఆయనకి వచ్చిన తెగులు వేరు. అమెరికా ఆస్పత్రులవాళ్ళు, రోగుల గుట్టు మీ దగ్గర భద్రంగా ఉందని రుజువు చూపించండి అన్నారు. సర్వర్ మీద ఫలానా రకం తనిఖీ టూల్ ఇన్‌స్టాల్ చేసి, అది ఇచ్చే రిపోర్టు మీద సిస్టమ్స్ ఇన్‌ఛార్జి సంతకం పెట్టి నెలాఖరులోగా పంపాలి. లేకపోతే కాంట్రాక్టు ఇంకొకరికి.

"ఇన్‌ఛార్జిని నేనుండగా బయటి మనిషెందుకండీ?" అని ప్రసన్న అడిగింది.

"నువ్వు రోజువారీ పని చూసుకోవాలి కదమ్మా. ఈ కుర్రాడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఇదే పని చేసేడు. మాంద్యం వచ్చి ఉద్యోగం పోయింది. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్న వెంకట్రాజుగారు నాకు తెలుసు. ఖాళీగా ఉన్నాడు పాపం."

పాపం అనిపించేలా ఏమీ లేడు అతను. మర్నాడు పాసింజరు దిగి, వానలో సగం తడిసి, రాగానే "ఏమండీ, ఈ రోజు ఏం చెడగొట్టమంటారు?" అన్నాడు.

ప్రసన్న మూల పడున్న పాత కంప్యూటరు చూపించింది. "ముందు దీనిమీద. ఇక్కడ బాగా నడిస్తేనే సర్వర్ మీదికి. అదీ నేను పక్కన ఉన్నప్పుడే."

అలా ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చోవలసి వచ్చింది. అతను కమాండ్ కొడతాడు. ఆమె వచ్చిన ప్రతి లైనూ వేలు పెట్టి చదువుతుంది. అతని వేలు వై మీద ఆత్రపడుతూ ఉంటుంది.

"నొక్కొచ్చాండి?"

"ఆగండి."

"ఇప్పుడు?"

"ఇంకా రెండు లైన్లున్నాయి."

"బైబిల్ చదివినట్టు చదువుతున్నారు."

"మా ఇంట్లో అలాగే నేర్పేరు మరి. మా డాడీ మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసేరు. ఒక్క మాట మింగితే మళ్ళీ మొదట్నుంచి చదివించేవారు."

అతను కొంచెం ఆగి, "మా నాన్న వ్యవసాయమండి," అన్నాడు. "ఆయన అసలు మాట్లాడరు. మింగేవే అన్నీ."

ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చింది. సోమవారం దాచుకున్న జవాబు అప్పుడు గుర్తొచ్చింది కానీ, చెప్పబుద్ధి కాలేదు.

టూల్ ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక పని చురుగ్గా సాగింది. అది యంత్రాన్ని పట్టుకుని ప్రశ్నలు వేస్తుంది. పాస్‌వర్డ్ ఎంత పొడుగు? ఎవరు ఏ ఫైలు తెరవచ్చు? అక్కర్లేని తలుపులేమైనా తెరిచి ఉన్నాయా? సరైన జవాబులు పచ్చగా, తప్పు జవాబులు ఎర్రగా రిపోర్టులో వస్తాయి. మొదటిసారి నడిపినప్పుడు స్క్రీనంతా కారం చల్లినట్టు ఎర్రగా వచ్చింది. రోజుకి కొన్ని చొప్పున దిద్దుకుంటూ వచ్చారు.

మధ్యమధ్య అతని ఫోన్ మోగేది. చటుక్కున లేచి బాల్కనీలోకి పోయేవాడు. పూనా కంపెనీ, బెంగుళూరు కంపెనీ, ఇంకేదో. తిరిగొచ్చి కూర్చున్నా మనసు కూర్చునేది కాదు. కాలు ఊగేది.

"ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళిపోబోతున్నట్టే ఉంటారేంటండీ?"

"ఇంట్లో కూర్చుంటే ఊపిరాడదండి. గూడెంలో ఎదురైన ప్రతివాడూ, ఏరా, ఇంకా ఇక్కడే ఉన్నావా అంటాడు."

ప్రసన్నకి ఆ బాధ తెలుసు. తనదీ అలాంటిదే, తిరగేసినది. రోజంతా బోస్టన్ గొంతులూ, షికాగో గొంతులూ వింటుంది. సాయంత్రం బస్సులో పెదపాడు పోతుంది. ఎంసీయే చదివిందన్న మాటే గానీ విజయవాడ దాటి ఎరగదు. చాలా కాలంగా ఆమెకి లోపల ఏదో కుదురు లేదు. ఈ మధ్య మాత్రం ఆ కుదురులేనితనానికి ఒక టైంటేబుల్ వచ్చింది. పొద్దున్న పాసింజరు ఏలూరు వచ్చే వేళకి మొదలవుతుంది. అది లేటైతే ఏ పనీ తోచదు. మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడగానే సర్దుకుంటుంది.

ఇదంతా ఆమె ఎవరికీ చెప్పలేదు. దానమ్మకి చెప్పకుండానే తెలుసు.

*

నియమాల ప్రకారం బ్యాకప్ యంత్రం ఇంకో ఊళ్ళో ఉండాలి. కనకరాజుగారికి ఇంకో ఊళ్ళో ఉన్న కప్పు ఒక్కటే. కొల్లేటికోటలో, పాత చెరువుల కాపలాకి కట్టించిన డాబా. బ్యాకప్ అక్కడ పెట్టించారు. దానిమీద కూడా టూల్ ఎక్కించాలి.

"నీళ్ళ మధ్యలో ఎవరైనా కంప్యూటర్ పెడతారాండి?" అన్నాడు ఫణికిరణ్ పడవెక్కుతూ.

"దొంగ రావాలంటే ఈతొచ్చి ఉండాలి. అదే సెక్యూరిటీ అంటారు కనకరాజుగారు."

రోడ్డు అయిపోయిన చోటు నుంచి పడవ. సన్నటి జల్లు. గుర్రపుడెక్క ఊదారంగు పూలతో నీళ్ళమీద దుప్పటిలా పరుచుకుని ఉంది. పడవవాడు గడ వేసినప్పుడల్లా కొంగలు లేచి, కాస్త దూరంలో మళ్ళీ వాలుతున్నాయి. ఫణికిరణ్ పడవలో కూడా కుదురుగా కూర్చోలేదు. అతను కదిలినప్పుడల్లా పడవ ఒరిగింది, ఒరిగినప్పుడల్లా ప్రసన్న చెయ్యి అతని భుజం పట్టుకుంది.

"కదలకండి."

"కదిలితేనే బాగుందండి," అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని గుర్రపుడెక్క వైపు చూస్తూ కూర్చుంది.

డాబాలో వలల వాసన. అక్కడ నెట్ లేదు కాబట్టి ప్యాకేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నారు. ఒకటి పెడితే దానికి ఇంకోటి కావాలంది. అదీ ఉంది. దానికింకోటి. అదీ ఉంది. చివరికి ఒక చిన్న ప్యాకేజీ దగ్గర ఆగిపోయింది. అది తేలేదు.

"నేనే మర్చిపోయినట్టున్నానండి," అన్నాడతను.

"నేనూ చూడలేదు," అంది ప్రసన్న. అలా చూడకపోవడం ఆమె జన్మలో మొదటిసారి. ప్యాకేజీలు ఎక్కిస్తున్నప్పుడు తను స్క్రీన్ వంక కాకుండా ఎటు చూస్తోందో ఆమెకి బాగా గుర్తుంది.

డేటా కార్డు ఉంది గానీ డాబాలో సిగ్నల్ లేదు. మేడ మీదా లేదు. సరస్సు మధ్యలోకి వెళ్తే టవర్ అందుతుందన్నాడు పడవవాడు. మళ్ళీ పడవెక్కారు. ల్యాప్‌టాప్ ప్రసన్న ఒళ్ళో. గొడుగు ఫణికిరణ్ చేతిలో. గొడుగు కింద ల్యాప్‌టాప్ పొడిగా ఉంది, మనుషులిద్దరూ తడుస్తున్నారు. డౌన్‌లోడ్ చీమ నడకలా సాగుతోంది.

"ఏమండీ," అన్నాడతను.

"ఊఁ."

"ఇది ఎంత లేటైతే అంత బాగుండునని ఉంది నాకు."

జీవితంలో తొందర తప్ప ఇంకోటి ఎరగని మనిషి ఆ మాట అన్నాడు. ప్రసన్న తలెత్తింది. వాన నీళ్ళు అతని కనురెప్పల మీంచి కారుతున్నాయి. అతను ఇంకా ఏదో చెప్పబోతున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. సిగ్నల్ దొరికింది కదా.

ఒక చేత్తో గొడుగు పట్టుకునే మాట్లాడాడు. ఎస్ సర్, షూర్ సర్, థాంక్యూ సర్. పెట్టేశాక ముఖం వెలిగింది, వెంటనే ఆ వెలుగు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అయింది.

"పూనా వాళ్ళండి. సెలెక్టయ్యేను. వచ్చే సోమవారం జాయినవ్వాలిట."

"సరేనన్నారా?"

"అనేశాను."

చదవకుండానే, అనుకుంది ప్రసన్న. పైకి "కంగ్రాట్స్ అండి" అంది. ఆ తర్వాత, అతన్ని నొప్పించాలనో, తను నొప్పి పడకూడదనో, "ఆదివారం మా ఇంటికీ పెళ్ళివారొస్తున్నారు. భీమవరం సంబంధం," అని కూడా అంది.

గొడుగు ఒక పక్కకి ఒరిగింది.

"అలాగాండి. మంచిది," అన్నాడతను.

డౌన్‌లోడ్ పూర్తయింది. ఆ సాయంత్రం ఒడ్డు చేరేదాకా ఇద్దరూ పని మాటలే మాట్లాడుకున్నారు, చాలా మర్యాదగా.

*

శుక్రవారానికి రిపోర్టులో ఎర్ర గీతలు కొన్నే మిగిలాయి. వాటిలో పెద్దది అమ్మాయిలది. నలభై మందికీ కలిపి ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్. ఎవరు ఏ రోగి కాగితం చూశారో చెప్పే దారి లేదు. ఒక్కొక్కరికీ విడిగా అకౌంట్ తెరవాలంటే ఒక పూట పని ఆపాలి.

"పూట పని ఆపితే ఎలాగమ్మా?" అన్నారు కనకరాజుగారు. "ఆ ఎర్రవాటిని కాస్త పచ్చగా చేసి పంపేద్దాం. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

"అలా కుదరదండి," అంది ప్రసన్న.

ఫణికిరణ్ పెన్ను మూత నోట్లో పెట్టుకున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాలు ఊగుతూనే ఉంది.

సాయంత్రం ఆమె బస్సుకి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తానండి" అంది. "వెళ్ళిరండి," అన్నాడతను. అతనికి అదే ఆఖరి రోజు. ఇక ఒకరికొకరు కనపడరని ఇద్దరికీ తెలుసు.

శనివారం కనకరాజుగారు రిపోర్టు ఆమె ముందు పెట్టి, "సంతకం చేసెయ్యమ్మా" అన్నారు. మొత్తం పచ్చగా ఉంది, వరిచేనులా. పక్క గదిలో దానమ్మ అదే పాత పాస్‌వర్డ్, గట్టిగా చదువుతూ మరీ కొడుతోంది.

"ఎవరు చేసేరండి ఇది?"

"ఆ అబ్బాయే. వెళ్తూ వెళ్తూ చేసిచ్చేడు. పది నిమిషాలు పట్టలేదు."

"సోమవారం పెడతానండి," అని ప్రసన్న బయటికి వచ్చేసింది. కోపం అనుకుంది. కోపమైతే కళ్ళలో నీళ్ళు రానక్కర్లేదు.

రాత్రంతా పక్కమీద దొర్లింది. ఆదివారం పొద్దున్న వాళ్ళమ్మ సరోజ కొత్త చీర తీసి మంచం మీద పెట్టింది. ప్రసన్న చీర వైపు చూసి, ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

"ఎక్కడున్నారండి?"

"రైల్లో. భీమడోలు దాటింది." చక్రాల చప్పుడు మీదుగా అతని గొంతు ఉత్సాహంగా లేచింది. "మీరు చేస్తారనుకోలేదండి."

"ఒక్కటే అడుగుతాను. ఆ రిపోర్టు మార్చింది మీరేనా?"

అతని గొంతులో ఉత్సాహం దిగిపోయింది.

"నేనేనండి."

"నా సంతకం కింద పడేది ఆ అబద్ధం. తెలుసా మీకు?"

"మీ సంతకమా? కనకరాజుగారిదనుకున్నాను."

"ఎవరిదైతే ఏంటి?" అని ఫోన్ పెట్టేసింది.

చర్చిలో పాట పాడుతున్నారు. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు లేదు. ప్రార్థన అవ్వగానే దానమ్మ చెయ్యి పట్టుకుంది. "మనవాళ్ళందర్నీ ఆఫీసుకి రమ్మను. ఇవాళే. జీతం లేని పనే, కానీ ఉద్యోగం నిలబడాలంటే తప్పదు." తర్వాత తల్లితో, "అమ్మా, నేను ఆఫీసుకి వెళ్ళాలి. వాళ్ళని రావద్దని చెప్పండి," అంది. సరోజ ఏడుపు వినపడని దూరం వచ్చాక గానీ వెనక్కి చూడలేదు.

వట్లూరు ఆఫీసు మెట్ల మీద ఒక సూట్‌కేసు. దానిమీద ఫణికిరణ్.

"ఏలూర్లో దిగిపోయేనండి," అన్నాడు లేచి నిలబడి.

"పూనా?"

"ఫోన్ చేసేను. రెండ్రోజులు గడువడిగితే ఇంకొకర్ని చూసుకుంటామన్నారు." ఆమె ఏదో అనబోతే అతను ఆపాడు. "జాలి పడకండి. నేను చేసిన పని చెడ్డది. వెళ్ళిపోవాలి, వెళ్ళిపోవాలి అన్న తొందరలో, ఆయన అడగ్గానే చేసేశాను. మీరు తిట్టాలనుకుంటే పని చేస్తూ తిట్టండి. టైము లేదు."

ప్రసన్న తాళం తీసింది. తిట్టలేదు.

*

అమ్మాయిలు గుంపులు గుంపులుగా వచ్చారు, చర్చి చీరల్లోనే కొందరు, వంట మధ్యలో వదిలేసి కొందరు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అకౌంట్ తెరిచి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళనే కొట్టమన్నారు.

"ఎవరికీ చెప్పకూడదండి," అని ఫణికిరణ్ అందరికీ చెప్పాడు.

"మా ఆయనకి కూడానా?" అంది దానమ్మ.

"ఆయనకి అసలు చెప్పకూడదు."

"మరి మర్చిపోతే?"

"ప్రసన్నగారు కొత్తది ఇస్తారు. తిట్టి ఇస్తారు."

గదంతా నవ్వింది. ప్రసన్న నవ్వకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించి ఓడిపోయింది. అది చూసి అతని వేళ్ళు కీబోర్డు మీద తప్పు కొట్టాయి.

మధ్యాహ్నం దాటాక కనకరాజుగారొచ్చారు. మళ్ళీ నడిపిన రిపోర్టు చూశారు. లాగిన్ గీత నిజంగానే పచ్చబడింది. ఆడియో ప్రోగ్రాము పాతది కాబట్టి దాని గీతలు రెండు ఎర్రగానే ఉండిపోయాయి.

"పచ్చగా ఉన్నదాన్ని మళ్ళీ ఎర్ర చేసేరేంటమ్మా?"

"ఆ రెండూ ఇప్పుడు బాగుపడవండి. ఎందుకో, ఎప్పటికి బాగుచేస్తామో రాసి, దాని కింద సంతకం పెడతాను. పచ్చదాని కింద పెట్టను."

"కాంట్రాక్టు పోతే?"

"మీ చెరువు నీళ్ళు టెస్టుకి పంపినప్పుడు రిపోర్టు దిద్దుకునేవారాండి?"

కనకరాజుగారు కుర్చీలో కూర్చున్నారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. "దిద్దితే మాత్రం నీళ్ళు మారతాయా? తెల్లారేసరికి చేపలు తేలేవి," అన్నారు తనలో తాను. ఇంకేమీ అనకుండా అమ్మాయిలందరికీ టిఫిన్ తెప్పించారు.

గొడుగు మడుస్తూ మత్తయిగారు మెట్లెక్కి వచ్చింది అప్పుడే. ప్రసన్న తండ్రి. రిటైరైనా హెడ్మాస్టరు నడక పోలేదు; అమ్మాయిలు ఇడ్లీలు వదిలి లేచి నిలబడ్డారు.

"వాళ్ళు వచ్చి కూర్చున్నారు, తల్లీ. మీ అమ్మ చెప్పలేకపోయింది. ఏమని చెప్పమంటావు?"

"నాకా సంబంధం వద్దని చెప్పండి, డాడీ."

"కారణం అడుగుతారు కదా."

ప్రసన్న మానిటర్ వంక చూసింది. పక్కన కుర్చీలో అతని కాలు ఊగుతోంది. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ ఆ మాట అనుకోలేదు. పడవలో అనబోతే ఫోన్ మోగింది. ఇప్పుడు ఫోన్ లేదు, రైలు లేదు.

"ఈయనండి కారణం," అంది.

కాలు ఊగడం ఆగిపోయింది.

దానమ్మ నోటిదాకా వెళ్ళిన ఇడ్లీ ముక్క అక్కడే ఉండిపోయింది. మత్తయిగారు ఫణికిరణ్‌ని చాలాసేపు చూశారు. "మీకు తెలుసా ఈ సంగతి?"

"ఇప్పుడే తెలిసిందండి," అన్నాడతను లేచి. "నాది మాత్రం నాకు ముందే తెలుసు. రైలెక్కాక ఇంకా బాగా తెలిసింది."

"మీ రిపోర్టు సంగతి మా అమ్మాయి పొద్దున్న చెప్పింది. దిద్దింది మీరేనా?"

"అవునండి. తప్పు చేసేను."

"మళ్ళీ ఎందుకొచ్చేరు?"

"ఆవిడ నన్ను ఆ తప్పుతోనే గుర్తు పెట్టుకుంటారేమోనని భయమేసిందండి."

మత్తయిగారు గొడుగు మళ్ళీ విప్పారు. "ఇది ఆఫీసు. ఇక్కడ నేను ఏమీ చెప్పను. మీ పెద్దవాళ్ళు మా ఇంటికి వచ్చి అడిగితే అప్పుడు ఆలోచిస్తాం. వాళ్ళు రాకపోతే మీరూ రావద్దు." కూతురి తలమీద ఒకసారి చెయ్యి వేసి, భీమవరంవాళ్ళకి జవాబు చెప్పడానికి వానలోకి దిగిపోయారు.

*

అమెరికావాళ్ళు ఆ రెండు ఎర్ర గీతలకి గడువిచ్చారు. కాంట్రాక్టు నిలిచింది. అలాంటి ఆఫీసులు ఇంకా ఉన్నాయి కదా. కనకరాజుగారు చెప్పగా రాజమండ్రిలో ఒకరు, విజయవాడలో ఒకరు ఫణికిరణ్‌ని పిలిచి అదే పని అప్పగించారు.

అన్నీ నడుస్తున్నాయి, ఒక్కటి తప్ప. తాడేపల్లిగూడెంలో అతని తల్లి నాగరత్నం కొడుకుతో మాట్లాడ్డం మానేసింది. కిరస్తానీ అమ్మాయా అని ఒకసారి అడిగింది, అంతే. వెంకట్రాజుగారు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. పొలం వెళ్తారు, వస్తారు, తింటారు, పడుకుంటారు.

"తిట్టినా బాగుండునండి," అనేవాడు ఫణికిరణ్ ఫోన్లో. "గోడతో మాట్లాడుతున్నట్టుంది."

"ఏం చెప్పేరు మీరు?"

"రోజూ అదే చెప్తున్నాను. మీరు వచ్చి అడగండి, లేకపోతే నేను ఇలాగే ఉంటాను అని."

ప్రసన్నకి రోజులు గడిచేవి కావు. బస్సు ఆగితే దిగి తోయాలనిపించేది. ఇంట్లో తల్లి ముఖం చూడలేకపోయేది, ఆఫీసులో దానమ్మ ప్రశ్నలు తట్టుకోలేకపోయేది. వానలు కూడా వెళ్ళిపోయే దారి పట్టాయి.

ఒక రోజు పొద్దున్న ఆఫీసుకి ఒక పెద్దాయన వచ్చారు. తెల్లపంచె, భుజాన తువ్వాలు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, రిసెప్షన్‌లో బెంచీ చివర కూర్చున్నారు. ఎవరు కావాలంటే, "ప్రసన్న అనే అమ్మాయి," అన్నారు.

అతని ముక్కే, అతని కళ్ళే. ప్రసన్న చేతులు జోడించింది.

"నమస్కారమండి. నేనే ప్రసన్ననండి."

వెంకట్రాజుగారు ఆమెని చూసి తలూపారు. చుట్టూ చూశారు. "వీళ్ళంతా చెవులకి పెట్టుకున్నదేంటమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన ఒక హెడ్‌ఫోన్ అడిగి పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని కాసేపు విని, తీసి ఇచ్చేశారు.

"ఒక్క ముక్క అందలేదు. నీకు అర్థమవుద్దా?"

"మొదట్లో అయ్యేది కాదండి. వినగా వినగా అయింది."

"మావాడూ అంతేనమ్మా నాకు," అన్నారాయన. ఒకసారి మొదలైన మాట ఆయనకే కొత్తగా ఉన్నట్టుంది, ఆగి ఆగి వచ్చింది. "చిన్నప్పట్నించీ వాడి తీరు అందలేదు. ఏ బళ్ళోనూ కుదురుగా ఉండడు. ఏ ఊళ్ళోనూ ఉండడు. పండగకొస్తే మర్నాడే సంచి సర్దుకుంటాడు. అట్టాంటివాడు ఇన్నాళ్ళనించీ ఇంట్లో ఒకే మాట మీద నిలబడ్డాడు. వాళ్ళమ్మ అన్నం పెట్టకపోయినా నిలబడ్డాడు. వాణ్ణి నిలబెట్టిన మనిషెవరో చూద్దామని వచ్చేను."

ప్రసన్న బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది.

"వాళ్ళమ్మకి ఇంకా టైం పడుద్దమ్మా. నేను అబద్ధం చెప్పను. ఇంటికెళ్ళేక నాకూ అన్నం పెట్టకపోవచ్చు." ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నారు. "మీ నాన్నగారు ఇంటి దగ్గరే ఉంటారా? పెదపాడు బస్సు ఎక్కడ ఆగుద్ది?"

"నేనూ వస్తానండి," అంది ప్రసన్న. సెలవు అడగడం కూడా మర్చిపోయి బ్యాగు తీసుకుంది. దానమ్మ అప్పటికే ఆయన చెప్పులు వరసగా తిప్పి పెట్టింది.

బస్సులో ఆయనకి కిటికీ పక్కన సీటు దొరికింది. ప్రసన్న పక్కన కూర్చుంది. ఆయన పొలాల వంక చూస్తూ, ఎక్కడ నీళ్ళు ఎక్కువయ్యాయో, ఎక్కడ ఎరువు తక్కువయ్యిందో ఒక్కొక్క మాటగా చెప్తున్నారు. ఇంతలో ఫోన్ మోగింది. రాజమండ్రి నుంచి ఫణికిరణ్.

"ఏమండీ, కాస్త కంగారుగా ఉంది," అన్నాడు ఆయాసపడుతూ. "నాన్న పొద్దున్న ఇంట్లో చెప్పకుండా ఎటో వెళ్ళిపోయేరట. పొలంలోనూ లేరట. ఫోన్ ఇంట్లోనే వదిలేసేరు. నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను. ఎక్కడని వెతకను?"

"వెతకద్దండి," అంది ప్రసన్న. "నా పక్కనే ఉన్నారు. మా ఇంటికి వెళ్తున్నాం."

వెంకట్రాజుగారు కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "వాడేనా?" అన్నారు. "తొందరపడకుండా రమ్మను."